బడి గేటుకు 50 మీటర్ల లోపు

"పళ్ళు పుచ్చిపోవడం మా వంశంలోనే ఉందండీ" అనే మాట తల్లిదండ్రుల నోట తరచుగా వింటుంటాము. వంశప్రభావం కొంత ఉండవచ్చు. కానీ తరం నుంచి తరానికి మరింత నమ్మకంగా సంక్రమించేది పన్ను కాదు, తిండి అలవాటు. ఈ సాకును ఇకనైనా విడిచిపెట్టవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

పిప్పిపన్నులో పురుగు ఉండదు. పంటి మీద పాచిలోని సూక్ష్మజీవులు మనం తిన్న చక్కెరను కొద్ది నిమిషాలలోనే ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఎనామిల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది. లాలాజలం దానిని విరిచి, పంటిని సరిదిద్దడానికి అరగంటో అంతకు మించో పడుతుంది. ఈలోగా మరో గుక్క, మరో చాక్లెట్ పడితే బాగుపడే వ్యవధే ఉండదు. అందుచేత ఎంత తిన్నారన్నదే కాదు, ఎన్నిసార్లు తిన్నారన్నదీ ముఖ్యమే.

సుమారు 12 ఏళ్ళకు రెండవ శాశ్వత దవడ పళ్ళు వస్తాయి. వాటి గాళ్ళు లోతు, ఎనామిల్ ఇంకా గట్టిపడి ఉండదు. సరిగ్గా అప్పుడే తల్లి పర్యవేక్షణ సడలుతుంది, పిల్లవాడి జేబులోకి డబ్బు వస్తుంది. ఉక్కును కరిగించి మళ్ళీ పోత పోయవచ్చు. గుంట పడిన ఎనామిల్ మళ్ళీ పుట్టదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో, చక్కెరను రోజుకు సుమారు 25 గ్రాములకు పరిమితం చేస్తే మరింత మేలని చెప్పింది. 250 మిల్లీలీటర్ల కోలా సీసా ఒక్కటే ఆ కోటాను పూర్తి చేస్తుంది.

చట్టం లేక కాదు. చక్కెర, ఉప్పు, కొవ్వు అధికంగా గల పదార్థాలను బడిలోను, గేటు నుంచి 50 మీటర్ల లోపు పిల్లలకు అమ్మరాదని 2020 నాటి ఆహార భద్రత నిబంధనలు నిషేధించాయి. గాజువాక నుంచి మధురవాడ దాకా ఏ బడి ముందైనా మధ్యాహ్నం నిలబడి, ఆ 50 మీటర్లలో ఏమి అమ్ముతున్నారో మీరే చూడండి. ఒకవైపు తీపి పానీయాలపై 40 శాతం పన్ను వసూలు చేస్తూ, మరోవైపు అవే సీసాలను బడి పక్కన అమ్మనిస్తే దానిని ఆరోగ్య విధానమని ఎలా అనగలము?

బడ్డీ కొట్టువాడి పొట్ట కొట్టాలా అని కొందరు అడుగుతారు. అక్కరలేదు. ఉడికించిన వేరుశనగలు, జామకాయలు, మజ్జిగ అమ్మితే బేరం ఆగదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలో 18 ఏళ్ళ దాకా పిల్లల పళ్ళు కూడా పరీక్షించాలి. ప్రైవేటు బడుల పిల్లలకు ఆ పరీక్ష ఎవరు చేస్తున్నారు? లక్షల రూపాయల ఫీజు కట్టే తండ్రి ఈ ప్రశ్న వేయకపోవడం ఆశ్చర్యం.

ఇంట్లో చేయవలసినది స్వల్పం. ఫ్లోరైడ్ పేస్టుతో ఉదయం, రాత్రి పడుకోబోయే ముందు రెండేసి నిమిషాలు తోమించండి. వేపపుల్ల పాచి తీస్తుందేమో గానీ ఫ్లోరైడ్ ఇవ్వదు. తోమాక నురుగు ఉమ్మివేస్తే చాలు, నీళ్ళతో పుక్కిలించవద్దు. తీపి తినాలనిపిస్తే భోజనంతోనే పెట్టండి. దవడ పళ్ళ గాళ్ళను సీలెంటుతో పూడ్పించే విషయం దంతవైద్యుని అడగండి.

బయట చేయవలసినది మాత్రం ఒంటరిగా కాదు. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల సంగతి ముగిశాక, గేటు ముందరి ఆ 50 మీటర్ల సంగతి అడగండి. జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.