యంత్రశుద్ధియు మన జాగ్రత్తయు

మా పాఠశాల కంప్యూటరు గదిలో పది యంత్రములు గలవు. వానిలో కిటికీ ప్రక్కనున్న దానిపై మేము తొమ్మిదవ తరగతి మార్కుల పట్టికను వ్రాసికొనుచుంటిమి. గడచిన సంవత్సరము అర్ధసంవత్సర పరీక్షలు ముగిసిన పిమ్మట ఒకనాటి యుదయమున ఆ పట్టిక కనబడదయ్యెను. ముందునాటి సాయంకాలము ఆ యంత్రమువద్ద కడపట కూర్చున్నవాడు ఒక విద్యార్థి. మేము విచారింపకయే వానిని తరగతిలో నిలువబెట్టి మందలించితిమి. "నేను ముట్టలేదండి" యని వాడు పలికిన మాటను నమ్మలేదు.

నిజము మఱునాడు తెలిసినది. యంత్రము మెల్లగా నడచుచున్నదని మేము విసుగుకొనగా ఒక మిత్రుడు చెప్పిన మీదట, కొన్ని వారములకు ముందు మేమే దానిలో ఒక ఉచితపు "శుభ్రపఱచు" సాధనమును ఎక్కించియుంటిమి. అది వచ్చిన దినముననే వందలకొలది దోషములు గలవని ఎఱ్ఱని అక్షరములతో చూపి మమ్ము భయపెట్టెను. మేము చదువకయే ప్రతి ప్రశ్నకును "సరే" యని నొక్కితిమి. డౌన్‌లోడ్స్ ఫోల్డరును ఎప్పటికప్పుడు ఖాళీ చేయుటకు ఇచ్చిన అనుమతి ఆ "సరే"లలో నొకటి. మెయిలులో వచ్చిన పట్టికను ఆ ఫోల్డరులోనే యుంచి దిద్దుకొనుచుండుట మా రెండవ అజాగ్రత్త. ఆ సాధనము తాను చేసిన పనులను వ్రాసియుంచు జాబితాను తెఱచి చూడగా, బాలుడు ఇంటికి పోయిన అరగంటకు అదియే ఆ ఫైలును తొలగించినట్లు తేటపడినది.

తరగతి యెదుట మందలించితిమి గనుక తరగతి యెదుటనే ఆ బాలుని క్షమాపణ వేడితిమి. జవాబు పత్రములు చూచి మార్కులను మరల కూర్చుటకు రెండు రాత్రులు పట్టెను. తప్పు కనబడినప్పుడు ఉపాధ్యాయుడు మొదట తన పాఠమును పరీక్షించుకొనవలయునని శిక్షణ కళాశాలలో మేము నేర్చియుంటిమి. యంత్రము విషయమున ఆ మాటను మఱచితిమి. ఈ యనుభవమువలన మాకు గలిగిన అభిప్రాయమును చదువరుల ముందుంచుచున్నాము.

యుటిలిటీలు అనబడు ఈ చిన్న సాధనములన్నియు చెడ్డవని మేమనము. 1982లో పీటర్ నార్టన్ వెలువరించిన నార్టన్ యుటిలిటీస్ పేరుగాంచుటకు ముఖ్యకారణము, పొరపాటున తొలగించిన ఫైలును మరల తెచ్చియిచ్చు దాని శక్తియే. తిరుగు పళ్లెములతో గూడిన హార్డ్ డిస్కుల కాలమున ఫైళ్ల ముక్కలు చెదరిపోవుచుండెను గావున, వానిని వరుసగా సర్దు సాధనము యంత్రమునకు వేగము నిచ్చెడిది. నేటి ఎస్.ఎస్.డి.లలో తిరుగునదేమియు లేదు. వానికి కావలసిన సంరక్షణను విండోస్ తానే చూచుకొనును. రిజిస్ట్రీని శుభ్రపఱచుటవలన వేగము పెరుగుననుట తఱచు అమ్మకపు మాటయే. మఱియు రక్షించునదియే హాని తెచ్చుటయు గలదు. 2017 ఆగస్టులో ప్రసిద్ధమైన సీక్లీనరు యొక్క ఒక ప్రతిలో దుండగులు తమ ప్రోగ్రామును దూర్చగా, అది సుమారు 22 లక్షలకు మించిన యంత్రములకు చేరెను. మా గదిలోని సాధనము అది కాదు, వేఱొకటి; ఐనను పాఠము ఒక్కటియే.

మా కథ విన్న కొందరు, "ఐనచో అప్‌డేట్లను కూడ ఆపివేయుద" మనిరి. ఇది సరికాదు. ప్రోగ్రాములను వ్రాయువారు మనుష్యులే. వారి వ్రాతలో తప్పులుండును. తప్పు బయటపడినప్పుడు దాని సవరణను పంపుదురు. ఆ సవరణ వెలువడిన పిమ్మట, పాత ప్రతిని క్రొత్త ప్రతితో పోల్చి, కన్నము ఎచ్చట నుండెనో దొంగలు కూడ గ్రహింతురు. కాబట్టి ఆలస్యము చేసినవానికే యపాయము. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక సవరణను పంపెను. మే 12న వానాక్రై యను పురుగు, ఆ సవరణ చేరని యంత్రములలో చొచ్చి ఫైళ్లకు తాళము వేసి సొమ్మడిగెను. ఇంగ్లండులో ఆసుపత్రులు రోగులను వెనుకకు పంపవలసివచ్చెను. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖవారి కంప్యూటర్లును కొన్ని దాని పాలాయెను.

అప్‌డేటులోనే దోషముండవచ్చుననుటయు నిజమే. 2018 అక్టోబరులో విండోస్ 10కు వచ్చిన పెద్ద అప్‌డేటు కొందరి సొంత ఫైళ్లను తుడిచివేయగా, మైక్రోసాఫ్ట్ దానిని కొలదిదినములలో నిలిపి, దిద్ది, మఱుసటి నెల మరల విడుదల చేసెను. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను రక్షణ సంస్థ పంపిన తప్పు అప్‌డేటువలన సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నిలిచిపోయెను. ఇందువలన తేలునదేమి? అప్‌డేటును మానుట కాదు. దానికి ముందే ఫైళ్లకు మఱియొక ప్రతి నుంచుకొనుట. ప్రతి యున్నవానికి యంత్రము చెడినను పని చెడదు.

విద్యార్థులారా, తెరపై ప్రశ్న కనబడినప్పుడు చదివి, అర్థము కానిచో అడిగి, పిమ్మట నొక్కుడు. భయపెట్టు సాధనమును ఎక్కింపకుడు. తలిదండ్రులారా, మీ యింటి యంత్రము విండోస్ 10తో నడచుచున్నచో, దాని సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవని యెఱుగుడు. తగిన మార్పును గూర్చి తెలిసినవారితో ఆలోచింపుడు. సాధనములను చేయువారికి కూడ మా మనవి యొకటి గలదు: తొలగింపబోవు ఫైలు పేరును చూపి, మా భాషలో, మాకు తెలియు మాటలతో అడుగుడు. అట్లడిగియున్నచో మేము నొక్కకుందుము.

ఇప్పుడు మా గదిలో ప్రతి శుక్రవారము సాయంకాలము పట్టికలన్నిటికిని వేఱొక డిస్కుపై ప్రతి తీయబడుచున్నది. ఆ పనిని మేము అప్పగించినది, మేము అన్యాయముగా నిందించిన ఆ బాలునికే. ఇంతవరకు ఒక్క శుక్రవారమైనను వాడు తప్పలేదు.