రోడ్డు పన్ను కడుతూనే ఉన్నాం, లెక్క చెప్పండి

రోడ్లు కావాలంటారు గాని డబ్బు కట్టమంటే జనం ముందుకు రారనే మాట పాలకుల నోట తరచుగా వినిపిస్తోంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, రాష్ట్ర రోడ్లను ప్రైవేటు ఏజెన్సీలకు అప్పగించి టోల్ వసూలు చేసే ఆలోచనను అసెంబ్లీలో బయటపెట్టారు. ముందుగా గోదావరి జిల్లాల్లో చేసి చూద్దామన్నారు. బైకులు, ఆటోలు, ట్రాక్టర్లకు టోల్ ఉండదన్నారు.

అసలు మనం ఇప్పుడు కట్టడం లేదా? 2018 కేంద్ర బడ్జెట్‌లో పెట్రోలు, డీజిలు మీద లీటరుకు 8 రూపాయల చొప్పున రోడ్డు, మౌలిక సదుపాయాల సెస్సు వేశారు. తర్వాత రేటు మారింది గాని సెస్సు పోలేదు. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రోడ్ల కోసమని లీటరుకు మరో రూపాయి వేసింది. రూపాయి వసూలైంది, గుంతలు మాత్రం అలాగే ఉన్నాయి. 2024 ఎన్నికల్లో ఆ గుంతలే ప్రచారాస్త్రమయ్యాయి.

రైతు సంగతి మరీ అన్యాయం. దుక్కి దున్నే ట్రాక్టరు, వరికోత మిషను తారు రోడ్డు ఎక్కకుండా చేలోనే తాగే డీజిలు మీద కూడా రోడ్డు సెస్సు పడుతుంది. ఇక ట్రాక్టరుకు టోల్ లేదంటే మనకు ఒరిగేదెంత? ధాన్యం, మిర్చి, టమాటా దూరపు మార్కెట్లకు లారీల్లో, డీసీఎంల్లో పోతాయి. టోల్ కట్టిన బండి యజమాని దాన్ని కిరాయిలో కలుపుకుంటాడు. వ్యాపారి కొనే ధరలో తగ్గించుకుంటాడు. మన పంటకు మనం ధర పెట్టలేం గనుక చివరికి ఆ భారం మన నెత్తినే పడుతుంది.

హైదరాబాదులో చూడండి. నారాయణగూడకు పక్కనే, ఇందిరా పార్కు నుంచి అశోక్‌నగర్ మీదుగా వీఎస్టీ దాకా సుమారు 450 కోట్లతో స్టీల్ బ్రిడ్జి కట్టి 2023 ఆగస్టులో ప్రారంభించారు. దాని మీద టోల్ లేదు. ఉండకూడదు కూడా, అది ప్రజల డబ్బు. అదే ఏడాది, ప్రజల డబ్బుతోనే కట్టిన 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డును 7,380 కోట్లకు ఒక ప్రైవేటు కంపెనీకి 30 ఏళ్ల లీజుకిచ్చారు. ఊళ్ల నుంచి కూరగాయలు తెచ్చే బండి ఔటర్ ఎక్కితే ఆ కంపెనీకి టోల్ కట్టాలి. నగరం నడిబొడ్డున ప్రజలకు వర్తించిన న్యాయం ఊరి బండికి ఎందుకు వర్తించదు?

జనానికి ఇచ్చే గుణం లేదనడం అబద్ధం. పొలాల బాటకు సొంత గట్టు వదులుకుని, ఎకరానికింత అని చందాలేసుకుని, ట్రాక్టర్లతో మొరం తోలుకున్న ఊళ్లు మన దగ్గర ఎన్నో ఉన్నాయి. ఇచ్చిన పైసా ఎక్కడ పడిందో కళ్లకు కనబడితే రైతు వెనకాడడు. కనబడని చోటే అడుగుతాడు.

అందుకే మనం కోరేవి మూడు. ఇంధనం మీద రోడ్ల పేరుతో వసూలైనదెంత, ఏ జిల్లాలో ఏ రోడ్డుకు ఖర్చయిందో ఏటా గ్రామసభల్లో చెప్పాలి. సాగుకు వాడే డీజిలుపై రోడ్డు సెస్సు తీసేయాలి. పంట రవాణా చేసే బండ్లకు రాష్ట్ర రోడ్ల మీద టోల్ పెట్టకూడదు. ముందు పాత లెక్క తేల్చండి, కొత్త వసూళ్ల మాట తర్వాత.