కంట్లో వచ్చేది పొర కాదు

‘నాయినకు కంట్లో పొర వచ్చింది. ఇంకా ముదరలేదట, వడ్లు అమ్మినంక చూద్దాం.’ తిరుమలగిరి నుంచి సూర్యాపేట వెళ్లే బస్సులో ఇలాంటి మాట మీరూ వినే ఉంటారు. పొర అని పిలుస్తాం కానీ, శుక్లం కంటి మీద కప్పుకొనే పొర కాదు. కంటి లోపలి కటకంలోని ప్రొటీన్లే ముద్దకట్టడం. అదెలాగో తెలియాలంటే కణంలోకి ఓసారి తొంగిచూడాలి.

కణమంటే పొరలతో వేరుచేసిన గదులున్న ఇల్లని బడిలో చదువుకున్నాం. కేంద్రకానికి పొర ఉంది, మైటోకాండ్రియాకూ ఉంది. కానీ కేంద్రకంలోనే ఉండే కేంద్రకాంశానికి ఏ పొరా లేదు. మరి అది చుట్టూ ఉన్న ద్రవంలో కలిసిపోదెందుకు? వేడి చారులో నెయ్యి వేసి చూడండి. చుక్కలుగా తేలుతుంది, రెండు చుక్కలు తగిలితే ఒకటవుతాయి. మధ్యలో గోడ లేకున్నా దేని చోటు దానిదే. కణంలోనూ కొన్ని ప్రొటీన్లు, ఆర్‌ఎన్‌ఏ ఒక మోతాదు దాటి చేరితే, ఒకదాన్నొకటి పట్టుకుని చుక్కలుగా విడివడతాయి. 2009లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో క్లిఫర్డ్ బ్రాంగ్విన్, ఆంథొనీ హైమన్ బృందం ఓ చిన్న పురుగు పిండంలో ఇలాంటి చుక్కలు కలవడం, జారడం, కరగడం గమనించింది.

ఈ ఏర్పాటుతో మేలేమిటంటే, అవసరమైనప్పుడు గది ఏర్పడుతుంది, పని కాగానే కరుగుతుంది. విపరీతమైన వేడి తగిలితే కణాలు కొన్ని ఆర్‌ఎన్‌ఏలను ఇలాంటి చుక్కల్లో దాచి, గండం గడిచాక వదిలేస్తాయి.

చుక్క కరగడం మానేసినప్పుడే చిక్కు. చలికి నెయ్యి పేరుకున్నట్టు అది గట్టిపడుతుంది. 2015లో హైమన్ బృందమే ‘ఎఫ్‌యూఎస్’ అనే ప్రొటీన్ చుక్కలు గంటల్లో గట్టిపడి పోగులుగా మారడం చూసింది. కండరాలను క్షీణింపజేసే ఏఎల్‌ఎస్ రోగుల్లో ఉండే జన్యులోపం ఉంటే ఆ మార్పు మరింత వేగంగా జరిగింది. అల్జీమర్స్, పార్కిన్సన్స్ జబ్బుల్లోనూ ప్రొటీన్లు ముద్దకడతాయి. వాటికి మూలం ఇలాంటి చుక్కలేనా అన్నదానిపై పరిశోధనలు సాగుతున్నాయి.

ఇక కంటి సంగతి. కటకం మధ్యలోని కణాలు కేంద్రకాన్నే వదులుకుంటాయి. మనం పుట్టకముందు తయారైన ప్రొటీన్లే అక్కడ జీవితాంతం పనిచేయాలి, కొత్తవి రావు. లేగదూడ కటకాన్ని చల్లబరిస్తే తెల్లగా మసకబారుతుంది, వెచ్చబెడితే మళ్లీ అద్దంలా అవుతుంది. చలికి గామా క్రిస్టలిన్ ప్రొటీన్లు చుక్కలుగా విడివడి వెలుతురును చెదరగొట్టడమే కారణం. వయసుతో వచ్చే శుక్లం అచ్చంగా ఇదే కాదు. ఎండ, పొగతాగడం, చక్కెర జబ్బు, ఏళ్లు పైబడటం వల్ల దెబ్బతిన్న ప్రొటీన్లు మళ్లీ కరగని ముద్దలవుతాయి. అలా కాకుండా కాపలా కాసేది ఆల్ఫా క్రిస్టలిన్. హైదరాబాద్ సీసీఎంబీలో చింతలగిరి మోహన్‌రావు బృందం దాని పనితీరును ఏళ్ల తరబడి శోధించింది. వయసు మీదపడేకొద్దీ ఆ కాపలా బలం తగ్గిపోతుంది.

అందుకే ‘చుక్కల మందుతో పొర కరుగుతుంది’ అనే ప్రకటనలను నమ్మకండి. మసకబారిన కటకాన్ని తీసి కొత్తది అమర్చడమే చికిత్స. ముదిరేదాకా ఆగాల్సిన పనీ లేదు. చూపు రోజువారీ పనులకు అడ్డమైతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. బాగా ముదరనిస్తే ఆపరేషన్ కష్టమవుతుంది, కంట్లో ఒత్తిడి పెరిగే ప్రమాదమూ ఉంది. ఖర్చుకు వెనకాడకండి. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఈ ఆపరేషన్ ఉచితం. చక్కెరను అదుపులో ఉంచుకోవడం, పొగ మానేయడం, ఎండలో టోపీ, నల్లద్దాలు వాడటం మన చేతిలోని పనులు.

ఈ ఆదివారం మీ అమ్మనో, నాయిననో ఒక్కమాట అడగండి: సందెవేళ మెట్లు దిగడానికి తడబడుతున్నారా? ఎదురొచ్చే బండి లైటు కళ్లకు చెదిరినట్టు కనిపిస్తోందా? అవునంటే వడ్లు అమ్మేదాకా ఆగకండి. పంటకు కాలముంది, చూపుకు ఎదురుచూపు మంచిది కాదు.