మీటలు మాయమైన మోటారుబండి

తెలుగు పండితుడికి కార్ల గొడవ ఎందుకని మిత్రులు ఇదివరకే నన్ను ఆక్షేపించారు. ఛందస్సు చెప్పవలసిన నోట కార్బురేటరు మాట రావడమే అపచారమన్నట్లు మాట్లాడినవారూ ఉన్నారు. ఏం చేయను, అది నాకు యౌవనం నుండి ఉన్న వ్యసనం. 1992లో ప్రావిడెంటు ఫండు అప్పు తీసుకొని ఒక పాత ప్రీమియర్ పద్మినిని కొన్నాను. పధ్నాలుగేళ్లు స్వయంగా నడిపాను. ఆదివారాలు దాని కింద దూరి చేతులు నల్లజేసుకొని, సోమవారం ఆ చేతులతోనే బోర్డు మీద యతిప్రాసలు వ్రాశాను. ఆ పాటి అర్హతతో వ్రాస్తున్న టపా ఇది.

నా అభియోగం సూటిగా చెబుతాను. ఇటీవలి కార్లలో మీటలన్నీ ఊడబెరికి, వాటికి బదులు ఒక అద్దపు పలకను, అనగా టచ్‌స్క్రీనును, డ్యాష్‌బోర్డుకు తగిలించడం అభివృద్ధి అని నేను ఒప్పుకోను. దారి మీద ఉండవలసిన చూపును దొంగిలించే ఏర్పాటు అది. దొంగకు మనమే అదనపు ధర చెల్లించి ఇంటికి తెచ్చుకుంటున్నాము.

పద్మినిలో గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది. చలికాలపు ఉదయం చోకు ఎంత లాగాలో, ఇంజను వేడెక్కుతుంటే ఎంత లోపలికి నెట్టాలో నా వేళ్లకు తెలుసు, నాకు తెలియదు. వైపరు మీట ఎక్కడుందని ఎవరైనా అడిగితే చేయి చాచి చూపించగలనే తప్ప మాటలలో చెప్పలేకపోయేవాణ్ణి. వీణకు ఇరవైనాలుగు మెట్లుంటాయి. విద్వాంసుని వేలు ఆ మెట్ల మీద తన చోటు తాను వెతుక్కుంటుంది. మెట్లన్నీ తీసివేసి నున్నని గాజుపలక బిగించి, ఇక ప్రతి స్వరానికీ కిందకు చూసి వాయించండి అంటే ఆ విద్వాంసుడు ఏమంటాడు? వీణ దగ్గరైతే అపస్వరంతో పోతుంది.

నిరుడు కార్తికమాసం చివర, అసుర సంధ్యవేళ, తెనాలి నుండి రేపల్లె పోతున్నాము. బండి మా అబ్బాయిది, కొత్తది. నడుపుతున్నది నేను. వాన మొదలయింది. లోపలి ఊపిరికి ముందు అద్దం మసకబారింది. పద్మినిలోనైతే గుడ్డముక్కతో తుడుచుకునేవాళ్లం. కొత్త బండిలో బ్లోయరు గాలిని అద్దం మీదికి తిప్పితే చాలు. తిప్పడానికి ఏమీ లేదు. “తెర మీద ఫ్యాను బొమ్మ నొక్కండి నాన్నగారూ” అన్నాడు. నొక్కాను. మరో పుట తెరుచుకుంది. “ఇప్పుడు ఎడమవైపు పైన...” అంటున్నాడు. తలెత్తి చూసేసరికి వెనుక దీపం లేని ట్రాక్టరు, దాని ట్రక్కు నిండా వరిగడ్డి, బానెటుకు రెండు బారల దూరంలో ఉంది. బ్రేకు పట్టింది కాబట్టి ఈ టపా వ్రాస్తున్నాను. దీపం లేకుండా రోడ్డెక్కిన ఆ ట్రాక్టరుది తప్పే. నా తప్పూ ఉంది. అయితే ఆ నాలుగు సెకన్లు నా కళ్లు ఎక్కడ ఉన్నాయి? అరవై కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లంటే 67 మీటర్లు. అంత దూరం నేను గుడ్డివాడినై బండి నడిపాను.

ఇది నా చేతకానితనమని, వయసని అనేవారికోసం మరొక ముచ్చట. 2022లో స్వీడన్ దేశపు కార్ల పత్రిక ‘వీ బిలెగారే’ ఒక పరీక్ష చేసింది. పదకొండు కొత్త కార్లు, వాటికి తోడు మీటలున్న 2005 నాటి వోల్వో ఒకటి. నడిపేవారికి ఆ బండ్లతో పరిచయం చేసుకునే వ్యవధి ముందే ఇచ్చారు. గంటకు 110 కిలోమీటర్ల వేగంలో పోతూ సీటు వెచ్చజేయడం, రేడియోలో ఫలానా కేంద్రం పట్టడం వంటి నాలుగు పనులు చేయాలి. ముసలి వోల్వోలో అవన్నీ పది సెకన్లలో, 306 మీటర్లలో ముగిశాయి. అన్నిటికంటే వెనుకబడిన కొత్త కారులో 44.6 సెకన్లు పట్టింది. ఆలోగా బండి 1372 మీటర్లు పోయింది. ఇంచుమించు కిలోమీటరున్నర!

నేలమీది సంగతి అలా ఉంచండి. 2017 ఆగస్టులో సింగపూరు సమీపాన అమెరికా యుద్ధనౌక ‘జాన్ ఎస్. మెకెయిన్’ ఒక చమురు నౌకను ఢీకొని పదిమంది నావికులు మరణించారు. విచారణ జరిపిన వారు చూపిన కారణాలలో ఆ నౌకను నడిపే టచ్‌స్క్రీను ఏర్పాటు ఒకటి. చుక్కాని అదుపు తప్పిందని సిబ్బంది భ్రమపడ్డారు. నిజానికి అది ఒక తెర నుండి మరొక తెరకు మారిపోయింది. ఆ తరువాత 2019లో అక్కడి నౌకాదళం ఇంజను వేగాన్ని అదుపు చేసే పాత మీటలను తిరిగి పెట్టాలని నిశ్చయించుకుంది. యుద్ధనౌకలో శిక్షణ పొందినవారికే ఈ గతి పడితే, ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని తిరుపతి పోయే మనబోటి వాళ్ల మాటేమిటి?

ఇంతకూ కంపెనీలకు ఈ తెర మీద ఇంత మక్కువ దేనికి? ఒక్కొక్క మీటకు అచ్చు పోయాలి, తీగ లాగాలి, బిగించాలి. ఒక తెర పెడితే ఆ ఖర్చు చాలావరకు తప్పుతుంది. పైగా షోరూములో కారు కదలకుండా నిలబడి ఉంటుంది. కదలని కారులో తెరను మించిన అందం లేదు. కొనేవాడు కదలని బండిని చూసి మురిసి కొంటాడు, కదిలే బండిలో ప్రాణం పెడతాడు. (పైకప్పుకు కన్నం పెట్టించుకొని మన ఎండలలో తిరిగే ముచ్చట గురించి మరొకసారి.)

నోటితో చెబితే చాలు, బండే వింటుంది కదా అన్నాడొక కుర్రవాడు. చెప్పి చూశాను. ముప్పైమూడేళ్లలో నా ఉచ్చారణను ఏ విద్యార్థీ తప్పుపట్టలేదు. ఆ బండి మాత్రం, గాలి పెంచమంటే మా వియ్యంకుడికి ఫోను కలిపింది.

తెర బొత్తిగా పనికిరాదనను. వెనుకకు తీసేటప్పుడు కెమెరా బొమ్మ చూపడానికి, తెలియని ఊళ్లో దారి చెప్పడానికి దానిని మించినది లేదు. అక్కడితో ఆగితే ఎవరికీ పేచీ లేదు. ఫోను చేతబట్టి బండి నడిపితే 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం దానిని ప్రమాదకరమైన డ్రైవింగుగా లెక్కిస్తుంది. న్యాయమే. అరచేయంత ఫోను నేరమైనప్పుడు, పళ్లెమంత ఫోనును ఎదుట మేకు కొట్టి బిగిస్తే అది హోదా ఎలా అయింది? 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వం లెక్క చెప్పింది. అందులో తెర పాలెంతో నేను చెప్పడం లేదు. ఇన్ని చావుల నడుమ చూపు మళ్లించే వస్తువును కొత్తగా తెచ్చిపెట్టుకోవడం ఏమి వివేకమని అడుగుతున్నాను.

ఐరోపాలో కార్లకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ 2026 నిబంధనలలో ఇండికేటర్లు, హారను, వైపర్లు వంటి వాటికి విడి మీటలుండడాన్ని కూడా మార్కుల లెక్కలో చేర్చింది. 2023 అక్టోబరులో మొదలైన మన భారత్ ఎన్‌క్యాప్ కూడా ఆ లెక్క పట్టుకోవాలని నా కోరిక.

అంతవరకు నాకు తోచిన పరీక్ష ఒకటుంది. కారు కొనబోయినప్పుడు డ్రైవరు సీట్లో కూర్చొని కళ్లు మూసుకోండి. బ్లోయరు, వైపరు, నాలుగు వైపులా మిణుకుమనే హజార్డ్ లైట్ల మీట వేళ్లతో వెతకండి. దొరికితే ధర అడగండి. మొన్న మా మేనల్లుడి కోసం ఒక షోరూముకు వెళ్లి నేను అదే చేశాను. కళ్లు మూసుకొని డ్యాష్‌బోర్డంతా తడుముతుంటే, అమ్మే కుర్రవాడు హడలిపోయి “పెద్దాయనకు కళ్లు తిరుగుతున్నట్టున్నాయండీ” అంటూ మంచినీళ్ల సీసా తెచ్చాడు.

నీళ్లు తాగాను. మీట దొరకలేదు.