మన ఊరి ప్రశ్నలూ అడగండి

ఉదయగిరి, ఆత్మకూరు వాళ్లూ, ఇక్కణ్ణించి బెంగుళూరు, హైదరాబాదు వెళ్లి స్థిరపడినవాళ్లూ ఉన్న మా వాట్సాప్ గ్రూపులో రాత్రి అన్నాలయ్యాక క్విజ్ నడుస్తుంది. పందెం లేదు, బహుమతి లేదు. నాకు ఈ ఆటంటే ప్రాణం. కానీ ప్రశ్నలన్నీ దేశాల రాజధానులు, ఆస్కార్ విజేతల చుట్టూనే తిరగడం నాకు నచ్చదు. మొన్న మాత్రం ఒకావిడ అడిగారు: హంపి కృష్ణాలయంలో ప్రతిష్ఠించిన బాలకృష్ణుడి విగ్రహం ఎక్కడిది? పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా మథుర అన్నారు, పూరి అన్నారు. అది మన ఉదయగిరిదే! 1514లో గజపతుల నుంచి దుర్గాన్ని గెలిచాక శ్రీకృష్ణదేవరాయలు తీసుకెళ్లాడు. ఆ దుర్గమున్న కొండ కింద రోజూ బస్సెక్కే పిల్లలకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి మాటలు దుర్గం నుంచి సోమశిల దాకా, జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన ఉదయగిరి కర్ర చెంచాల దాకా సాగాయి. గూగుల్‌లో వెతికి క్షణంలో జవాబు పెట్టేవాళ్లు మాత్రం ఇలాంటి ముచ్చటంతా చెడగొడుతున్నారు. ప్రశ్నలు తయారుచేసే మిత్రులారా, రోజుకు ఒక్కటైనా మన చుట్టుపక్కలది పెట్టండి. ఆడేవాళ్లూ, జవాబు తట్టకపోతే ఫోను పక్కనపెట్టి ఇంట్లో పెద్దవాళ్లను అడగండి.