ఎవరి సెలవు? ఎవరి శ్రమ?



తెలుగులో 'సెలవు' అన్న మాటకు అర్థాలు పెక్కు. అనుమతి అని ఒకటి, ఆజ్ఞ అని ఒకటి, వ్యయం అని మరొకటి. ఉద్యోగికీ విద్యార్థికీ దొరికే విరామం అన్న అర్థం మనందరం ఎరిగినదే. కానీ విహారయాత్ర పేరిట నేడు మనం చేస్తున్నది చూస్తే, వీటిలో వ్యయం అన్న అర్థమొక్కటే మిగిలిందనిపిస్తుంది. ధనవ్యయం, కాలవ్యయం, ఆపైన ఆరోగ్యవ్యయం. విరామం మాత్రం ఎవరికీ దక్కడం లేదు. ఈ మాట కొందరికి కటువుగా తోచవచ్చు. అయినా చెప్పక తప్పదు.

ఆ మధ్య నేనూ నా సహధర్మచారిణీ ఒక బృందంతో కలిసి కాశీయాత్ర చేశాము. ఆరు రోజులలో కాశి, ప్రయాగ, గయ, అయోధ్య. కాగితం మీద చూస్తే ముచ్చటగా ఉంది. గంట గంటకూ లెక్క వ్రాసి ఉంది. ఆ కాగితం చెప్పనిది ఒకటుంది. కాశి నుండి ప్రయాగ పడమరకు సుమారు 120 కిలోమీటర్లు, అయోధ్య ఉత్తరానికి సుమారు 200, గయ తూర్పుకు సుమారు 250. మూడూ మూడు దిక్కులు. అంటే మేము చేసినది క్షేత్రసందర్శనం కన్నా బస్సు సందర్శనమే ఎక్కువ. ఉత్తరవాహినియైన గంగ ఒడ్డున మాకు కేటాయించిన కాలం నలభై నిమిషాలు. కేదారఘట్టం మెట్ల మీద మా ఆవిడ మోకాలు పట్టుకొని కూలబడింది. "మీరు వెళ్ళి రండి, నేను ఇక్కడే నీళ్ళు చూస్తూ కూర్చుంటాను" అంది. మొత్తం యాత్రలో ఆమెకు దక్కిన విశ్రాంతి ఆ అరగంటే. తిరిగి వచ్చాక ఆమె తలచుకునేదీ ఆ అరగంటనే.

నిర్వాహకులను నేను నిందించను. తక్కువ రోజులలో ఎక్కువ క్షేత్రాలు చూపమని అడిగినవారం మనమే. అడిగినది వారు ఇచ్చారు. దోషం మన కోరికలో ఉంది. చూసిన స్థలాల సంఖ్యతో యాత్రను తూచే అలవాటులో ఉంది.

అలాగని ప్రణాళికే వద్దని నా వాదం కాదు. "సంచీ భుజాన వేసుకొని బయలుదేరడమే స్వేచ్ఛ, ముందుగా ఆలోచిస్తే రుచి పోతుంది" అని కొందరు యువమిత్రులు వ్రాస్తున్నారు. ఇరవై అయిదేళ్ళ బ్రహ్మచారికి అది చెల్లుతుంది. చంకలో బిడ్డ, వెనుక మధుమేహం ఉన్న తల్లి ఉన్న గృహస్థుకు చెల్లదు. రాత్రి పదకొండు గంటలకు తెలియని ఊరిలో బస వెదుక్కోవడం స్వేచ్ఛ అనిపించుకోదు. అది బాధ్యతారాహిత్యం. ప్రణాళిక కావలసిందే. అయితే అది దేనిని లెక్కించాలన్నదే ప్రశ్న.

ఈ విషయంలో మనకు గురువు ఇంట్లోనే ఉన్నాడు. మదరాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారిలోని విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు వ్రాస్తూ వచ్చాడు. ఆ మిత్రుడే 1838లో దానిని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించాడు. ఆ గ్రంథం తెరిచి చూడండి. మజిలీకీ మజిలీకీ దూరమెంత, మంచినీళ్ళున్నవా, దిగడానికి చోటున్నదా, అంగళ్ళలో సామాను దొరుకుతుందా అన్న వివరాలు అడుగడుగునా కనిపిస్తాయి. ఎన్ని చూశానన్న లెక్క కంటే మనిషికి ఏమి కావాలన్న లెక్క ఆయనకు ముఖ్యం. ప్రణాళిక అంటే అది.

"ఆయనకు పదిహేను నెలల తీరిక ఉంది, పల్లకి ఉంది, వెంట పరివారం ఉంది, మాకేముంది?" అని మీరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆయన ప్రయాణసుఖం బోయీల భుజాల మీద నడిచింది. ఇది దాచవలసిన సత్యం కాదు. అయితే నేనొకటి అడుగుతాను. మన విహారయాత్రలో పల్లకి మోస్తున్నదెవరు?

ప్రయాణానికి వారం ముందు నుండి బట్టలు సర్దేది గృహిణి. తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపేది గృహిణి. పిల్లవాడి దగ్గుమందు, మామగారి రక్తపోటు మాత్రలు, అత్తగారి శాలువా గుర్తుంచుకొనేది గృహిణి. ఇల్లు చేరిన నాడు అందరూ మంచాలపై వాలితే, నాలుగు సంచుల మాసిన బట్టల ముందు నిలిచేదీ ఆమే. ఇంటి యజమాని మాత్రం టిక్కెట్లు తీసి, ఏర్పాట్లన్నీ తానే చేశానని పదిమందికీ చెప్పుకుంటాడు. ముప్పై ఏళ్ళపాటు నేనూ అలాగే చెప్పుకున్నాను. శ్రమ, విశ్రాంతి రెండూ ఒకే ధాతువు నుండి పుట్టిన పదాలని తరగతిలో ఎన్నిసార్లు పాఠం చెప్పానో లెక్కలేదు. మా ఇంట్లో మొదటి పదం ఒకరికి, రెండవది మరొకరికి పంచి ఇచ్చానని కేదారఘట్టం మెట్ల మీద గాని గ్రహించలేదు.

కనుక సుఖయాత్రకు నా పద్ధతి ఇది. మొదట ఎక్కడికి వెళ్ళాలని అడగకండి. మనలో ఎవరికి ఏ విశ్రాంతి కావాలో అడగండి. ఆ జాబితాను ఇంటిలోని అందరిలోకీ తక్కువ నడవగలిగిన వారి అడుగుతో కొలవండి. మూడు నాలుగు రోజుల సెలవుకు ఒకే ఊరు, ఒకే బస. సంచులు విప్పడం, కట్టడం ఒక్కసారే. రోజుకు ఒక్క పని మాత్రమే నియమించుకొని, మధ్యాహ్నం ఖాళీగా వదలండి. రైలు టిక్కెట్లకు 2024 నవంబరు 1 నుండి ముందస్తు గడువు 120 రోజుల నుండి 60 రోజులకు తగ్గింది కనుక, ఆ తేదీని పంచాంగంలో గుర్తు పెట్టుకోండి. అరవై నిండిన పురుషులకూ నలభై అయిదు నిండిన స్త్రీలకూ లభ్యతను బట్టి క్రింది బెర్తు ఇచ్చే సదుపాయం ఉంది. వయస్సు దాచకుండా సరిగా వ్రాయండి! మందుల చీటీ, బస చిరునామా, ఇద్దరి ఫోను నంబర్లు కాగితం మీద వ్రాసి పెద్దల జేబులో ఉంచండి. ఫోనులో ఛార్జి అయిపోయిన వేళ అదే దిక్కు. ఎవరి సంచి వారే సర్దుకోవాలి. ప్రయాణం నాటి వంటకు సెలవు. తిరిగి వచ్చిన మరునాడు బడికీ కచేరీకీ పోకుండా ఒక రోజు ఇంటివద్ద మిగుల్చుకోవాలి. ఆ రోజు బట్టలు ఉతికే పని మగవారిది.

"మళ్ళీ ఇంత దూరం వస్తామో రామో, ఉన్నపళంగా అన్నీ చూసేస్తే పోలేదా?" అన్నది చివరి ఆక్షేపణ. నా వయస్సువారి నోట ఇది తరచుగా వినిపిస్తుంది. అందులోని భయం నాకూ తెలుసు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అనుకున్న తరాల బిడ్డలం మనం. కానీ ఆ తరాలవారే కాశిలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలని నియమం పెట్టుకున్నారు. మళ్ళీ రామేమో అన్న భయం వారికి మనకంటె ఎక్కువ. అయినా తొందరపడలేదు, నిలిచారు. మళ్ళీ రాలేని చోటనే గదా మరింతసేపు కూర్చోవలసినది?

కాశికి వెళ్ళినవారు తమకు ఇష్టమైన కాయో పండో అక్కడ వదలిపెట్టి రావడం మన ఆచారం. నేను ఏ పండు వదిలానో ఇక్కడ అప్రస్తుతం. వచ్చే ఏడు మళ్ళీ కాశీ వెళుతున్నాము. ఈసారి గయ, ప్రయాగ, అయోధ్య మూడింటినీ ఇంటివద్దనే వదలిపెట్టి బయలుదేరుతున్నాము. తొమ్మిది రాత్రులు. ప్రణాళికను మా ఆవిడ వ్రాసింది. అందులో ప్రతి సాయంత్రానికీ ఒకే మాట ఉంది: "మెట్ల మీద కూర్చోవడం."