ఊరు, వాడ, కంపెనీ గేటు: హత్నూర సమానత్వ ప్రణాళిక

మేము హత్నూర మండలంలో బతుకుతూ ఒక సంఘంగా కూడినవాళ్లం. మాదిగలం, మాలలం, లంబాడాలం, బీసీలం, ముస్లింలం. ఊరి పెద్ద ఇళ్లలో పుట్టి ఈ మాట మీద మాతో నిలబడ్డవాళ్లూ మాలో ఉన్నారు. బోర్పట్ల, గుండ్ల మాచనూర్, దౌల్తాబాద్, చందాపూర్ చుట్టుపక్కల కంపెనీల్లో షిఫ్టులకు పోయే ఒడిశా, బీహార్, జార్ఖండ్ కార్మికులూ ఉన్నారు. పుట్టుకను బట్టి మనిషికి విలువ కట్టే పద్ధతి మా మండలంలో పోలేదనీ, దాన్ని పోగొట్టే పని మాదేననీ ఈ ప్రణాళికతో ప్రకటిస్తున్నాం.

అంటరానితనం పాతకాలం ముచ్చట అని మాతో చాలామంది అంటారు. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణంతో దాన్ని రద్దు చేసింది. 1955లో దాన్ని శిక్షించే చట్టం వచ్చింది. 1985లో కారంచేడులో దళితుల ఊచకోత జరిగాక, 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 2016 జనవరి నుంచి అమలవుతున్న సవరణ దళితులను, గిరిజనులను సాంఘికంగా వెలివేయడాన్ని కూడా నేరాల్లో చేర్చింది. చట్టాలకు కొదవ లేదు. హోటల్లో రెండు గ్లాసులు కనబడకపోవడమూ నిజమే. కాగితం కప్పు వచ్చాక ఎవరి ఎంగిలి ఎవరు కడగాలన్న పేచీ పోయింది, అంతే. ఆ కప్పు పట్టుకుని లోపలి బెంచీ మీద ఎవరు కూచుంటున్నారో, రోడ్డు అంచున నిలబడి ఎవరు తాగుతున్నారో చూడండి. బతుకమ్మ నాడు వాడ ఆడబిడ్డలు ఎక్కడ ఆడుతున్నారో చూడండి. అద్దె గది కోసం వచ్చిన పిల్లగాణ్ణి ముందు పేరు అడుగుతారు. తర్వాత ఇంటిపేరు, తర్వాత ఊరు, ఆ ఊళ్లో ఇల్లు ఏ దిక్కున అని అడుగుతారు. నాలుగో ప్రశ్నకు జవాబు విన్నాక గది నిన్ననే ఇచ్చేశామంటారు. కులం అన్న మాట ఒక్కసారి కూడా నోటి నుంచి రాదు. చట్టానికి దొరకని వివక్ష ఇట్లా ఉంటుంది.

అందుకే మా మొదటి డిమాండ్ పౌరహక్కుల దినోత్సవం గురించి. ప్రతి నెలా 30న తహసీల్దారు, పోలీసు అధికారులు ఏదో ఒక గ్రామానికి వచ్చి అంటరానితనం నేరమని చెప్పాలి. ఇది మంచి ఏర్పాటు. కానీ ఆ సభ ఎక్కువగా ఎస్సీ కాలనీలోనో, అంబేడ్కర్ భవనంలోనో జరుగుతుంది. అవమానం పడేవాళ్లకే అవమానం నేరమని చెప్పి, ఫోటో దిగి పోతారు. చేసేవాళ్లు ఆ ఛాయలకు రారు. ఇకనుంచి ఆ సభ ఊరి నడిబొడ్డున, గుడి ముందటో, పంచాయతీ ముందటో జరగాలి. హోటల్ యజమానులు, గుడి కమిటీ పెద్దలు, క్షౌరశాల నడిపేవాళ్లు, ఫంక్షన్ హాలువాళ్లు, గదులు అద్దెకిచ్చేవాళ్లు ముందు వరసలో కూచోవాలి. వాడవాళ్లు మాట్లాడాలి, వాళ్లు వినాలి. అదే ఊళ్లో కిందటిసారి వచ్చిన ఫిర్యాదు ఏమైందో అందరి ముందు చదివి వినిపించాలి. ఇది జరగని ఊరికి మేమే పోయి సభ పెడతాం, అధికారులకు పిలుపు పంపుతాం.

ఈ పోరాటం మాతో మొదలు కాలేదు. 1906లో హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టి, బడులు నడిపి, జోగిని దురాచారం మీద కొట్లాడాడు. ఈ నేలకు తొలి హక్కుదారులం మేమేనన్న నమ్మకంతో ఆదిహిందువులమని చెప్పుకోవడం నేర్పాడు. 1917లో బెజవాడలో పంచమ మహాసభ ఆయన అధ్యక్షతనే ఆది ఆంధ్ర మహాసభ అయింది. 2001లో డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష మీద సదస్సు పెడితే, కులాన్నీ చర్చలో చేర్చాలని మన దేశం నుంచి దళితులు అంతదూరం పోయి అడిగారు. భారత ప్రభుత్వం వద్దంది. 2023లో అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. మన పిల్లలు ఉద్యోగాలకు పోయే నగరం అది. అక్కడ ఒంటిరంగు చూసి ఎవరైనా చిన్నచూపు చూస్తే మనకు కడుపు మండుతుంది. ఆ మంట వాడ దగ్గరా, కూలీల గదుల దగ్గరా మండాలని అడుగుతున్నాం.

ఇప్పుడు కంపెనీల సంగతి. పటాన్‌చెరు వైపు 1970ల నుంచి ఫ్యాక్టరీలు వస్తుంటే, అక్కడ కులం ఉండదనీ, షిఫ్టు సైరనుకు అందరూ ఒకటేననీ మా పెద్దలు ఆశపడ్డారు. గేటు లోపల ఇప్పుడు ఏముంది? పర్మనెంటు ఉద్యోగి, కాంట్రాక్టు మనిషి, ఆ కాంట్రాక్టరు కింద ఇంకో మేస్త్రీ తెచ్చిన మనిషి. ఒకే రియాక్టరు దగ్గర నిలబడ్డ ముగ్గురికి మూడు రకాల జీతాలు. వ్యర్థజలాలు శుద్ధిచేసే ఈటీపీ ట్యాంకులో దిగేదీ, డ్రమ్ములు కడిగేదీ, మరుగుదొడ్లు ఊడ్చేదీ ఎవరో పోయి చూస్తే వాడ నుంచి వచ్చినవాళ్లే, కాకుంటే పరాయి రాష్ట్రంవాళ్లే.

2024 ఏప్రిల్ 3న మా చందాపూర్‌లోనే రసాయన కర్మాగారం పేలి మనుషులు చనిపోయారు. 2025 జూన్ 30న పాశమైలారం కర్మాగారం పేలుడులో 54 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో 8 మందికి శవాలు కూడా దొరకలేదు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది బతుకుతెరువుకు ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. ఆ పొద్దు లోపల ఎవరెవరున్నారో తేలడానికి రోజులు పట్టింది. మనిషి పేరు మస్టరులో సరిగ్గా ఉండటం కాగితం పని కాదు. బతికుండగా జీతం, ఈఎస్ఐ, పీఎఫ్, పోయాక నష్టపరిహారం, కడసారి చూపు, అన్నీ ఆ ఒక్క వరస మీద ఆధారపడి ఉంటాయి.

అందుకే మండలంలోని ప్రతి కంపెనీ, ప్రతి కాంట్రాక్టరు, ప్రతి షిఫ్టులో లోపలికి పోయిన మనుషుల పేర్ల పట్టిక ప్రతి ఒకటి గేటు బయట కూడా ఉంచాలి. ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలి. భద్రతా శిక్షణ కార్మికుడికి అర్థమయ్యే భాషలో, ఒడియాలోనో హిందీలోనో, ఇవ్వాలి. ట్యాంకులో దిగే పనికి కులం చూసి, రాష్ట్రం చూసి మనిషిని పంపడం ఆగాలి.

మా సభ్యుల మీద మేమే పెట్టుకుంటున్న నియమాలూ ఉన్నాయి. వాడల్లోనూ తండాల్లోనూ ఇప్పుడు వలస కార్మికులకు గదులు అద్దెకిస్తున్నారు. తలకింత అని లెక్కగట్టి ఒక్క గదిలో పదిమందిని కుక్కడం, నీళ్లకు వాళ్లను చివరన నిలబెట్టడం మా సభ్యుల ఇళ్లలో ఉండదు. "బీహారోళ్లు" అని గుంపుగా తీసిపారేయకుండా పేరు పెట్టి పిలుస్తాం. ఎక్కడ దొంగతనం జరిగినా ముందు వాళ్ల గదులు వెతకడాన్ని అడ్డుకుంటాం. 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్సీ వర్గీకరణ 59 కులాలను మూడు గ్రూపులు చేసింది. దాన్ని న్యాయమైన పంపకంగా గౌరవిస్తాం. దాని పేరిట మాల మాదిగల మధ్య పగ పెంచేవాళ్లతో మాకు పొత్తు లేదు. రెండు వాడల మధ్య పిల్లనిచ్చి పుచ్చుకునే పెళ్లికి సంఘమంతా ముందుండి అండగా నిలుస్తుంది.

డప్పు మా కళ. ఇష్టమైతే, కూలి కుదిరితే కొడతాం. చావుకు కొట్టి తీరాలని, గుంత తవ్వి తీరాలని ఊరు ఆజ్ఞాపిస్తే అది వెట్టి. వెట్టికి ఎవరూ పోరు. పోనందుకు కిరాణా కొట్టు సరుకు ఆపినా, పొలం పని ఆపినా అదే రోజు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తాం.

వలస కార్మికుల పిల్లలు సర్కారు బడిలో చేరడానికి వస్తే ఏ కాగితమూ లేదని తిప్పి పంపకూడదు. అంగన్‌వాడీలోనూ అంతే.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. వచ్చే గ్రామసభలో ప్రతి ఊళ్లో ఈ ప్రణాళికను చదివి, తీర్మానానికి పెడతాం. తెలుగు ప్రతి పంచాయతీ గోడకు, హిందీ, ఒడియా ప్రతులు కార్మికుల గదుల దగ్గర అంటిస్తాం. వచ్చే 30వ తేదీలోగా దీన్ని సంతకాలతో తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకుంటాం.